థ్రిల్లర్ రాస్తున్న మేనకోడలికి మామయ్య ఉత్తరం

విజయవాడ

చి. నీరజకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల ప్రింటు తీయించుకుని, ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టుకుని చదివాను. పత్రికాఫీసు అలవాటు, పోదు. మీ అమ్మ ఫోన్ చేసి "బాగుందని ఒక్క మాట చెప్పన్నయ్యా, పిల్ల దిగులు పడుతోంది" అంది. ఆ ఒక్క మాటకైతే ఫోన్ చాలు, ఉత్తరం దేనికి? గండికోట గుప్తనిధి, జమ్మలమడుగులో అద్దె గదిలో శవమైన రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఆయన బీరువాలోంచి మాయమైన కైఫీయతు (ఊరి పాత చరిత్ర రాసిన పత్రం) నకలు... సరుకుంది. పేజీలూ వాటంతటవే తిరుగుతున్నాయి. ముప్ఫై ఒకటో అధ్యాయం దగ్గరకొచ్చేసరికి మాత్రం నాకు ఒళ్లు మండింది. అక్కణ్నుంచే మొదలుపెడతాను.

లెక్చరర్ సుధాకర్ ఎడమచేతి వాటం మనిషి కాబట్టి అతనే హంతకుడని నీ డిటెక్టివ్ అక్కడ తేల్చేస్తాడు. అంతకుముందు ఈ సుధాకర్ ఏడుసార్లు కథలోకి వచ్చాడు. కాఫీ తాగాడు, రిజిస్టర్లో సంతకం పెట్టాడు, క్యారమ్స్ ఆడాడు. ఏ చేత్తో అన్నది నువ్వు ఒక్కచోటా రాయలేదు. చెప్పకుండా దాచడం ఎవరైనా చేస్తారమ్మా, దానికి రచయితే అక్కర్లేదు. ఎదురుగా పెట్టాలి, పాఠకుడు దాన్ని చూడాలి, చూసి కూడా పట్టించుకోకుండా దాటిపోవాలి. అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లో డిటెక్టివ్ నవల అయిపోగానే పాఠకుడు వెనక్కి తిరగేసేవాడు, "ఎక్కడ చెప్పాడబ్బా" అని. దొరికితే మర్నాడు అదే రచయిత పుస్తకం ఇంకోటి అడిగేవాడు. దొరక్కపోతే మొదటి పేజీ మీద హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి మరీ తిరిగిచ్చేవాడు. దొరికినా రాసే మహానుభావులు కొందరుండేవారనుకో.

ఎడమచేతి వాటం తీసెయ్. అరిగిపోయింది. నీ కథలోనే అంతకన్నా మంచి ఆధారం పడి ఉంది, నువ్వే చూసుకోలేదు. నాలుగో అధ్యాయంలో ఇంటి ఓనరమ్మ ఎస్సై ముందు కరెంటు లేదని గోల పెడుతుంది కదా, దాన్ని నవ్వులాటకి రాసి వదిలేశావు. ఆమె మాటల్ని ఇలా మార్చి చూడు:

"ఏం సెప్పేది సార్, నిన్న రెండు గంటలప్పుడు పోయిన కరెంటు ఐదైనా రాకపాయ. గ్రైండర్లో పిండి సగంలోనే నిలబడిపాయ. ట్యాంకులో నీళ్లు లేకపాయ. ఆయప్ప చూస్తే మూడు నెల్ల బాడిగ బాకీ పెట్టి పాయ. ఇంగ నేనెవుర్ని అడగాల?"

ఇది చదివిన పాఠకుడికి చివరికి గుర్తుండేది బాడిగ బాకీ. మాస్టారికి డబ్బు ఇబ్బందులున్నాయన్నమాట, ఎవరి దగ్గరైనా అప్పు చేశాడేమో, అని అటు పరిగెత్తుతాడు. ఆవిడ యాసకి నవ్వుకుంటాడు. రెండు నుంచి ఐదు దాకా కరెంటు లేదన్న సంగతి విన్నాడు, దాటిపోయాడు. దానికి తోడు ఆ వాక్యాల వెనకే ఏదో ఒకటి జరగాలి. బీరువా తాళం పగిలి ఉందని కానిస్టేబుల్ లోపల్నుంచి కేకెయ్యాలి. అసలైన ఆధారం తర్వాత ఖాళీ ఉంచావంటే పాఠకుడు ఆగి ఆలోచిస్తాడు. ఆ వ్యవధి ఇవ్వకు.

ఆ తర్వాత కనీసం ఎనిమిది అధ్యాయాలు ఆగు. పన్నెండులో సుధాకర్ వాంగ్మూలం ఉంది. నాలుగింటి దాకా మాస్టారితోనే ఉన్నానని, తను వెళ్లేటప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నారని చెబుతాడు. నాలుగు దాటాక అతను పెళ్లిలో ఉన్నాడు, చూసినవాళ్లు వందమంది. ఈ వాంగ్మూలంలో ఒక్క వాక్యం చేర్చు: "ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే పేపర్‌వెయిట్ పెట్టుకుంటూ మాట్లాడారు సార్." అబద్ధమాడేవాడు నమ్మించాలని అవసరం లేని వివరం ఒకటి తగిలిస్తాడు, దొరికేది అక్కడే. కరెంటే లేని వేళ ఫ్యాను గాలెక్కడిది? ఆ పేపర్‌వెయిటే హత్యాయుధమైతే మరీ బాగుంటుంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మనసులో మెదిలేదే అతని నోటి వెంట జారుతుంది.

ఈ రోజుల్లో ఇన్వర్టర్ లేని ఇల్లుందా అని అడిగేవాడు తప్పకుండా ఉంటాడు. వాడికి రెండో అధ్యాయంలోనే జవాబు చెప్పెయ్. మాస్టారి చేతిలో విసనకర్ర పెట్టు, ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయిందని ఓనరమ్మని తిట్టించు. రుజువు కావాలంటే సబ్‌స్టేషన్‌కి పంపు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్, ఆ లైనులో కరెంటు ఆపించి పని చేసుకునే అనుమతి. ఎప్పుడు తీసుకున్నాడో, ఎప్పుడు తిరిగిచ్చాడో అక్కడి రిజిస్టర్లో రాసి ఉంటుంది. డిటెక్టివ్ మేధస్సు కన్నా ఆ రిజిస్టర్ మీద లైన్‌మన్ సంతకం ఎక్కువ నమ్మిస్తుంది.

శవం సంగతి. మే నెల, కడప జిల్లా, తలుపులేసిన గది, నాలుగు రోజుల తర్వాత చూస్తే మాస్టారు "నిద్రపోతున్నట్టు" ఉన్నారని రాశావు. ఆ ఎండల్లో ఒక్క రోజుకే గది దగ్గరికి ఎవరూ పోలేరు. మనిషి పోయిన రెండు మూడు గంటల్లో దవడ బిగుసుకోవడం మొదలై, సుమారు పన్నెండు గంటలకి ఒళ్లంతా కట్టెలా అవుతుంది. వేడిలో ఇది ఇంకా త్వరగా జరిగిపోతుంది. అందుకని శవాన్ని మర్నాడు పొద్దున్నే దొరకనివ్వు. అప్పుడు పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు అంటాడే తప్ప, ఒకటిన్నరా నాలుగున్నరా అన్నది తేల్చి చెప్పలేడు. సుధాకర్ అబద్ధం నిలబడాలంటే ఆ సందు ఉండి తీరాలి.

ఇక పోలీసులు. కథ 2025లో నడుస్తోంది, నీ ఎస్సై ఇంకా 302 కింద కేసు రాస్తున్నాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి శిక్ష 103వ సెక్షన్. శవ పంచనామా పాత సీఆర్‌పీసీలోని 174 కాదు, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. సోదాలు వీడియో తీయాలి. వీటన్నిటినీ కథలో కుక్కమని కాదు, ఒక్క అంకె తప్పు పడితే చాలు, చదివే హెడ్ కానిస్టేబుల్ నీ పుస్తకం మూసేస్తాడు. వాళ్లూ నవలలు చదువుతారే!

అంతకంటే పెద్ద చిక్కు నీ క్లైమాక్స్‌లో ఉంది. స్టేషన్లో రెండు దెబ్బలు పడగానే సుధాకర్ నేరం ఒప్పేసుకున్నాడు, కేసు ముగిసింది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, కొత్తదాంట్లో 23. అయితే నిందితుడు చెప్పిన దాన్నిబట్టి వస్తువు దొరికితే, ఆ మేరకు చెప్పిన మాట చెల్లుతుంది. నీ అసలు క్లైమాక్స్ ఇక్కడుంది చూడు. సుధాకర్‌ని కోటకి తీసుకెళ్లారు, వెంట ఇద్దరు మధ్యవర్తులు, అంటే పంచనామా సాక్షులు, చాలా కేసుల్లో లాగే అందులో ఒకరు వీఆర్వో. అతను చూపించిన చోట తవ్వారు, పేపర్‌వెయిట్ లేదు! ఎవరు తీశారు? ఆ వీఆర్వో ఎందుకు చెమటలు తుడుచుకుంటున్నాడు? చట్టం కథకి అడ్డమొస్తుందని మీ కుర్రాళ్లంతా అంటుంటారు. నాకైతే అది ఉచితంగా ప్లాటు అల్లిపెట్టే గుమాస్తాలా కనిపిస్తుంది.

నీ ప్రైవేటు డిటెక్టివ్ సైలెన్సర్ బిగించిన రివాల్వర్‌తో తిరుగుతూ జనాన్ని అరెస్టు చేస్తుంటాడు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి మామూలు పౌరుడికున్న అధికారమే ఉంటుంది, అంతకు మించి లేదు. రివాల్వర్‌కి సైలెన్సర్ బిగించినా పెద్దగా లాభం ఉండదు, గుండ్లుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోంచి చప్పుడు బయటికొచ్చేస్తుంది. క్లోరోఫాం రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే మనిషి పడిపోవడం కూడా సినిమాల్లోనే. దానికి నిమిషాలు పడుతుంది.

అసలు ఆ డిటెక్టివ్‌నే తీసెయ్యమంటాను. హీరోయిన్ ఉందిగా, దస్తావేజు లేఖరి కూతురు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టి అతని చేత ఉపన్యాసాలిప్పిస్తావేం? పాత దస్తావేజులు చదవడం వచ్చు, ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ తీయడం వచ్చు, రెవెన్యూవాళ్ల భూమి లెక్కల పుస్తకం అడంగల్లో ఏ సర్వే నంబరు కింద ఎవరి పేరు ఎప్పుడు మారిందో పట్టుకోవడం వచ్చు. నిధి కోసం హత్య జరిగిందని అందరూ తవ్వుతుంటే, ఆమెకి కనిపించాల్సింది కోటకి వెళ్లే దారిలో రిసార్టు కట్టబోతున్న ఎనిమిదెకరాలు. నిధి ఉత్త ఎర, తగాదా భూమిది. ఇది నీ నవల, నువ్వొద్దంటే వద్దు. కానీ ఆలోచించు.

నిధినే ఉంచుకుంటానంటే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఒకసారి చదువు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటిందంటే కలెక్టరుకి తెలియజేయాలి. చెప్పకుండా దాచుకుంటే నేరం. నిధి దొరికిన మరుక్షణం నుంచి నీ మంచివాళ్లు కూడా నేరస్థులయ్యే వీలుంది, ఇంతకన్నా సాహసకథకేం కావాలి? కైఫీయత్తుల సంగతి కూడా ఊహించి రాయకు. 1800ల తొలి సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరింపజేసినవి అవి, కడప జిల్లావి అచ్చులో దొరుకుతాయి. కడపలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి కూర్చో. అందులో భాష, ఊళ్ల పేర్లు, చెరువుల లెక్కలు చూశాక నీ దొంగ కైఫీయతు నువ్వే అచ్చమైనదిలా రాయగలవు.

గండికోటకి కూడా వెళ్లు, వీడియోలు చూసి రాసినట్టు తెలిసిపోతోంది. నీ విలన్ కొండ అంచు నుంచి పెన్నలోకి దూకి ఈదుకుంటూ తప్పించుకున్నాడు. ఆ లోయలో నీళ్లెంత ఉన్నాయన్నది దిగువన మైలవరం జలాశయంలో నిల్వని బట్టి ఉంటుంది, మే నెలలో దూకితే దేనిమీద పడతాడో ముందు చూసుకో. జుమ్మా మసీదు నుంచి ధాన్యాగారానికి, అక్కణ్నుంచి మాధవరాయ స్వామి గుడికి నువ్వే పరిగెత్తి చూడు. ఎంతసేపట్లో ఆయాసమొస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో నీ కాళ్లే చెబుతాయి. కోట ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో కూడా కనుక్కునిరా.

సస్పెన్స్ గురించి ఒకటే చెబుతాను. పద్దెనిమిదో అధ్యాయంలో హీరోయిన్ లాడ్జి గదిలోకి వెళ్లగానే తలుపు వెనకనుంచి మనిషి మీదికి దూకుతాడు. పాఠకుడు ఉలిక్కిపడతాడు, అర నిమిషంలో మర్చిపోతాడు. అదే పదిహేడో అధ్యాయం చివర లాడ్జి కుర్రాడు ఐదొందలు తీసుకుని రెండో తాళంచెవి ఎవరికో ఇవ్వడం చూపించావనుకో. ఇప్పుడు ఆ పిల్ల గదిలోకి వచ్చి చేసే ప్రతి పనీ భయపెడుతుంది. ఫోన్ ఛార్జింగ్ పెడుతుంది. ముఖం కడుక్కోవడానికి వెళ్లి బాత్రూం గడియ వేసుకోదు. వాళ్లమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతుంది. రెండు పేజీల పాటు ఏమీ జరగదు, పాఠకుడు మాత్రం "బయటికి పోవే తల్లీ" అని అరుస్తుంటాడు. ఇక్కడా అదే సూత్రం, చెప్పెయ్యడమే. చెప్పింది హీరోయిన్‌కి తెలియదు, అంతే తేడా.

యాప్‌లో ఎపిసోడ్లుగా పెడతానన్నావు. పెట్టు. వారపత్రిక సీరియల్ కూడా ఇదే ఒత్తిడి, వారం వారం పాఠకుణ్ని వేలాడదీయాలి. ప్రతి ఎపిసోడ్ చివరా తలుపు చప్పుడవడం, తీస్తే పిల్లి ఉండటం మాత్రం వద్దు. మూడోసారికి నమ్మరు. చివరి వాక్యంలో ప్రమాదమే ఉండనక్కర్లేదు, ఒక కొత్త సంగతి చాలు. నీ కథలోని పోస్ట్‌మాస్టరు ఆ రోజు సెలవులో ఉన్నాడని తెలియడం కూడా మంచి ముగింపే. అన్నట్టు, ఆ పోస్ట్‌మాస్టరు ఎందుకు అబద్ధమాడాడో నువ్వు చివరిదాకా చెప్పలేదు. తప్పుదారి పట్టించడానికి పెట్టిన మనిషైనా సరే, అతనికి సొంత రహస్యం ఒకటుండాలి, అది బయటపడాలి. లేకపోతే రచయిత మోసం చేశాడంటారు.

ఎవరో నీతో ఈ రకం నవలలు మనవి కావు, తెల్లవాళ్ల సరుకు అన్నారట. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు, లండన్‌లో 1901లో. వేలిముద్రల్ని వర్గీకరించే పద్ధతిని రూపొందించింది అక్కడి మనవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. వాళ్లిద్దరి కాలంలో ఒక చారిత్రక నవల పెట్టొచ్చు, ఇది అయ్యాక చూద్దాం.

చివరి అధ్యాయం పద్నాలుగు పేజీల ఉపన్యాసం. అందరినీ హాల్లో కూర్చోబెట్టి విప్పి చెప్పడం పాత పద్ధతి, అందుకు నాకు అభ్యంతరం లేదు, పద్నాలుగు పేజీలకే అభ్యంతరం. పోస్ట్‌మాస్టరు ముడి ఇరవై ఐదులో, కైఫీయతు ముడి ఇరవై తొమ్మిదిలో విప్పెయ్. ఆఖరికి కరెంటు, ఫ్యాను, ఎల్‌సీ రిజిస్టర్ మిగిలితే ఒకటిన్నర పేజీ సరిపోతుంది. ఓనరమ్మ పిండి సంగతి మళ్లీ ఎత్తకు, పాఠకుడే వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు.

ముందు రెండు, నాలుగు, పన్నెండు, ముప్ఫై ఒకటి, ఈ నాలుగు అధ్యాయాలే తిరగరాసి పంపు. మధ్యవి ఇప్పుడే ముట్టుకోకు. పీడీఎఫ్ కాదు, ప్రింటు పంపు, పక్కన మార్జిన్ కాస్త ఎక్కువ వదులు.

ఇట్లు,
మామయ్య