చీరతో పాటు జరీ కూడా రంగు మారిపోతోంది!

ప్రశ్న: ఇంటి నుంచే మంగళగిరి నేత చీరలు అమ్ముతాను. ఒకే రకం నాలుగైదు రంగుల్లో వస్తుంది. ఎరుపు చీర కట్టుకుని తీసిన ఫొటోను జింప్‌ (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్)లో రంగు మార్చే హ్యూ స్లైడర్ జరిపి నీలం, పసుపు చేయబోతే జరీ, ముఖం కూడా మారిపోతున్నాయి. తెల్ల చీరైతే అసలు మారదు. ఎలా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాణ్ణి కాబట్టి ఎరుపు చీరతో పడే తిప్పలు నాకు తెలుసమ్మా. మన చర్మం రంగు ఎరుపుకీ నారింజకీ మధ్యలో ఉంటుంది. అందుకే చీర ఎరుపును జరిపితే ముఖమూ దాని వెంట పోతుంది.

స్లైడర్ వదిలేయండి. ఫొటో మీద కొత్త లేయర్ (పైపొర) తీసుకుని, కావలసిన రంగు నింపి, దాని మోడ్‌ను, అంటే కింది ఫొటోతో కలిసే తీరును, ‘ఎల్‌సీహెచ్ కలర్’ చేయండి. వెలుగునీడలు అలాగే ఉండి రంగే మారుతుంది, కుచ్చిళ్ల మడతలు చెదరవు. తర్వాత ఆ లేయర్‌కి నల్ల మాస్క్ పెట్టి (దాంతో రంగంతా దాగిపోతుంది), చీర ఉన్నచోట తెల్ల బ్రష్‌తో పూయండి, అక్కడ మాత్రమే రంగు కనిపిస్తుంది. నిజాం అంచు (మంగళగిరి చీరల జరీ అంచు) దగ్గర మాత్రం ఫొటోను బాగా పెద్దది చేసి, సన్నటి బ్రష్‌తో ఓపిగ్గా చేయాలి. టైమంతా అక్కడే పోతుంది, పోనివ్వండి. జరీ మెరుపు తప్పిందంటే చీర మొత్తం నకిలీదిలా కనిపిస్తుంది.

పసుపు వేస్తే మట్టిరంగు వస్తుంది, కంగారు పడకండి. ఎరుపు కంటే పసుపు చాలా వెలుతురున్న రంగు. మాస్క్‌ను సెలెక్షన్‌గా మార్చుకుని, కింది ఫొటో కాపీలో, వెలుగునీడలు సర్దే కర్వ్స్‌తో చీర వెలుగు పెంచండి. ముదురు నీలానికి కాస్త తగ్గించాలి. తెలుపులో మార్చడానికి రంగే లేదు కాబట్టి అక్కడ లేయర్ మోడ్ ‘మల్టిప్లై’ పెట్టండి. ఎర్ర చీర నుంచి గడ్డం కింద పడిన ఎర్రటి ఛాయను కూడా చూసుకోండి. చీర నీలమై అది అలాగే ఉంటే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో మీద పని చేయకండి, అంచుల్లో రంగు చెదిరి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఒక రంగు ఉన్న చీరలకు మాత్రం ఈ పద్ధతి వద్దు. మడత తిరిగినచోట రంగు మారడమే వాటి అందం, ఒకే రంగు పూస్తే అది చచ్చిపోతుంది. వాటికి విడిగా ఫొటో తీయాల్సిందే.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. రంగును ఊహించి వేయకండి. ఆ రంగు అసలు చీరను కిటికీ పక్కన పగటి వెలుగులో ఫొటో తీసి, కలర్ పికర్‌తో అందులోంచే తీసుకోండి. మార్చిన ఫొటో పక్కన ఆ అసలు చీర ఫొటో కూడా పెట్టండి, కొనేవాళ్లు రెండూ చూసుకుంటారు.