మత్తడి వైశాఖంలో దూకదు

బిడ్డా,

నీ కవరు అందింది. నవల మొదటి భాగం, దాన్ని చదివినవాళ్లు రాసిచ్చిన కాగితాలు అన్నీ చదివాను. ఆ కాగితాల మీద నువ్వు ఎర్రపెన్నుతో గీసిన గీతలు కూడా చూశాను, కొన్నిచోట్ల కాగితం చిరిగిపోయింది. "సార్, ఒకరు తీసెయ్యమన్న అధ్యాయమే ఇంకొకరికి ప్రాణమట, నేనెవరి మాట వినాలి" అని అడిగావు. ఎవరి మాటా పూర్తిగా వినకు, కానీ ఒక్క కాగితం కూడా పారెయ్యకు. ఎందుకో చెప్తాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, చాయ్ పెట్టుకుని కూర్చో.

నీ హాస్టల్ దోస్తులు సగం మంది నీ నవలను 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే ఇంగ్లీషు ఫాంటసీ నవలతో పోల్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. వాళ్లలో చాలామంది సినిమాలే చూసి ఉంటారు, పర్వాలేదు. ఆ మూడు సంపుటాల్లో రెండు 1954లో, మూడోది 1955లో వచ్చాయి. రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, పాత ఇంగ్లీషులో పండితుడు. 1937 చివర్లో మొదలుపెడితే 1949కి గానీ తెమల్లేదు. ఆయన లెక్కలో అది ఒకటే నవల. యుద్ధం తర్వాత కాగితం ధరలు మండిపోతుంటే అంత లావు పుస్తకం ఒక్కసారే అచ్చేయడానికి భయపడి ప్రచురణకర్తలు దాన్ని మూడు చేశారు. నువ్వేమో మొదటి భాగం పూర్తికాకముందే 'ట్రిలజీ' అని కవర్ పేజీ వేయించుకున్నావు, అది వేరే ముచ్చట.

పుస్తకం వచ్చాక పెద్ద లొల్లే అయింది. 1956 జనవరిలో ఆడెన్ అనే పెద్ద కవి న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని ఆకాశానికెత్తాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు, ఆయనా చిన్నవాడేం కాదు, 'ది నేషన్' పత్రికలో అది పిల్లకాయల చెత్త అని తీసిపారేశాడు. ఇద్దరూ చదివింది అవే పేజీలు. ఆడెన్ తన వ్యాసంలోనే ఇంకో మాట ఒప్పుకున్నాడు: ఈ పుస్తకం గురించి ఎవరూ మధ్యస్థంగా మాట్లాడటం లేదు, అయితే అద్భుతం అంటున్నారు, లేకపోతే భరించలేం అంటున్నారు, ఆ భరించలేనివాళ్లలో నేను గౌరవించేవాళ్లూ ఉన్నారు అని. మెచ్చుకునేవాడు ఇంత నిజాయితీగా రాయడం నాకు చాలా ఇష్టం. మన దగ్గర మెచ్చుకోలు అంటే శాలువా కప్పడమే కదా.

ఇన్ని మాటలు పడ్డ టోల్కీన్ ఏం చేశాడన్నదే నీకు పనికొచ్చేది. 1960లలో వచ్చిన రెండో కూర్పుకు ఆయన ముందుమాట రాశాడు. అందులో ముందు ఒక చురక ఉంటుంది: నా పుస్తకం చదివినవాళ్లలో, పోనీ కనీసం సమీక్ష రాసినవాళ్లలో, కొందరికి ఇది విసుగ్గా అనిపించిందట, వాళ్ల రాతల మీద నా అభిప్రాయమూ అదే కాబట్టి నాకు ఫిర్యాదు లేదు అని. అందరూ ఈ చురకనే చెప్పుకుంటారు. నాకు నచ్చేది దాని తర్వాతి సంగతి. కొందరు మచ్చ అనుకున్న అధ్యాయాలనే ఇంకొందరు ప్రత్యేకంగా మెచ్చుకున్నారని రాసి, వాటిని కదిలించకుండా వదిలేశాడు. అదే కూర్పులో తప్పులూ పొంతన లేనివీ కనిపించినకాడికి దిద్దాడు, శ్రద్ధగా చదివినవాళ్లు లేవనెత్తిన కొన్ని సందేహాలకు వివరాలు చేర్చాడు. తప్పు ఎవరు చూపించినా దిద్దుకున్నాడు, రుచి దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. తన నవలలో తనకే చాలా లోపాలు కనిపిస్తున్నాయని చెప్పి, పాఠకులు ఎత్తిచూపిన ఒక్క లోపాన్ని మాత్రం పైకి ఒప్పుకున్నాడు: పుస్తకం మరీ చిన్నదైపోయిందట! వెయ్యి పేజీలు దాటిన పుస్తకం అది.

ఇప్పుడు నీ కాగితాల దగ్గరికి వద్దాం. నర్సంపేట టీచరమ్మ రాసిన కాగితం మీద నువ్వు అన్నిటికంటే గట్టిగా గీశావు. నీ కథలో వైశాఖ పున్నమి నాటి రాత్రి ఆ పిల్ల చెరువు కట్ట మీద నిలబడితే మత్తడి (అలుగు) దూకుతున్న చప్పుడు వినిపిస్తుంది. టీచరమ్మ పెన్సిల్‌తో "వైశాఖంలో మత్తడా?" అని రాసి ఊరుకుంది. దాని పక్కన నువ్వు "ఇది ఫాంటసీ మేడమ్!" అని రాసుకున్నావు. ఫాంటసీ అయితే ఏమైంది? దేవత నీళ్లలోంచి లేచొచ్చిందంటే నమ్ముతాం, ఎందుకంటే అది దేవత. మత్తడి దూకాలంటే మాత్రం శ్రావణమో భాద్రపదమో రావాలి, వానలు దంచికొట్టాలి, చెరువు నిండాలి. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల నాటి నుంచి నీళ్లిస్తున్నాయి, ఆ కట్టల కింద నాట్లేసే ఇళ్లవాళ్లే నీ పుస్తకం కొనేది. వాళ్లకు ఒక్కసారి నీళ్ల దగ్గర అనుమానం వచ్చిందంటే ఆ తర్వాత నీ దేవతనూ నమ్మరు. పైగా వైశాఖంలో చెరువు ఎట్లుంటుందో తెలుసు కదా నీకు, తూము దగ్గర కాస్త బురద, మిగతాదంతా నెర్రెలు విచ్చిన నేల, దాని మీద పున్నమి వెన్నెల. నువ్వు రాసినదానికంటే అదే భయం పుట్టిస్తుంది. టోల్కీన్ 1944 మేలో కొడుక్కి రాసిన ఉత్తరంలో ఇలాంటి పాట్లే చెప్పుకున్నాడు. కథలో చంద్రుడు ఒక చోట ఉదయిస్తూ అదే సమయంలో ఇంకో చోట అస్తమిస్తున్నాడని గమనించి, వెనక అధ్యాయాల్లో ముక్కలు తిరగరాసేసరికి మధ్యాహ్నమంతా పోయిందట. ఎల్ఫులనే మాయ మనుషులు తిరిగే లోకంలో చంద్రుడి తిథులు ఎవడు చూస్తాడని ఆయన అనుకోలేదు. టీచరమ్మ మాట ఈ రోజే దిద్దు.

చెరువు పంచాయితీ అధ్యాయం సంగతి వేరే. ఊళ్లన్నీ కూర్చుని ముప్పై పేజీలు మాట్లాడుకోవడం ఇద్దరికి బోరు కొట్టింది, ఒకమ్మాయి మాత్రం అందులో డైలాగులు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. కట్ట మైసమ్మ గుడి దగ్గర పాట పాడుకుంటూ కనిపించి, కథకు ఏ సాయమూ చెయ్యకుండా వెళ్లిపోయే ముసలాయన మీదా ఇదే గొడవ. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆ రెండూ ముట్టుకోకు. టోల్కీన్ నవలలో టామ్ బాంబడిల్ అని ఒకడున్నాడు, నీ ముసలాయన లాంటివాడే, పాడతాడు, దారిన పోయే పొట్టి మనుషుల్ని కాపాడతాడు, మాయమవుతాడు. ఆయన ఎందుకున్నాడో తెలీక పాఠకులు ఇప్పటికీ కొట్టుకుంటారు. పీటర్ జాక్సన్ సినిమాలో తీసేశాడు, కథ ఆగలేదు. తీసేసినా ఆగదు కాబట్టి అనవసరం అంటారు కొందరు, అలాంటివాడు ఒకడు ఉండటం వల్లే ఆ లోకం కథ కంటే పెద్దదిగా అనిపిస్తుంది అంటారు ఇంకొందరు. రచయిత మాత్రం 1954లో ఒక ఉత్తరంలో, పురాణాల కాలంలో కూడా కొన్ని అంతుపట్టనివి ఉండాలి, వీడు కావాలని ఉంచినవాడే అని తేల్చేశాడు. నాకైతే ఆ అధ్యాయాలు ఇష్టమే, పాటలు మాత్రం దాటేస్తాను. నీ ముసలాయన పాట కూడా సగానికి తగ్గిస్తే మంచిదని నా రుచి చెప్తోంది, వినకపోయినా ఏం కాదు.

నాకు టెన్షన్ పెట్టిన కాగితాలు వేరే ఉన్నాయి. వాటి మీద నువ్వు ఒక్క గీత కూడా గీయలేదు. "బాగుంది, కంటిన్యూ చెయ్." "ఎగ్జామ్స్ అయ్యాక మిగతాది చదువుతా." "భాష సూపర్." ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు ఇవి రాశారు, ముగ్గురి ప్రతులూ పంపావు కదా, తిరగేసి చూశాను, నలభయ్యో పేజీ తర్వాత కాగితం నలగనే లేదు. అక్కడ ఏముందంటే రాజుగారి ఏడు తరాల వంశావళి. తిట్టినవాడు చదివి తిట్టాడు, వీళ్లు లేచి వెళ్లిపోయారు. మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారుణ్ణి నువ్వు దగ్గర నుంచి చూసే ఉంటావు. తెల్లవార్లూ చెప్పాలి, ముందు కూర్చున్నవాళ్ల తలలు వాలుతున్నాయని కనిపించగానే డోలు మీద దరువు మారుతుంది, పక్కవాడితో ఒక మోటు హాస్యం పడుతుంది, నిద్రపోయేవాడు నవ్వుతూ లేస్తాడు, కథ మళ్లీ అందుకుంటుంది. నీకు పాఠకుడి తల కనిపించదు, ఈ నలగని పేజీలే కనిపిస్తాయి. వంశావళి నీకంత ముద్దయితే పుస్తకం చివర పెట్టుకో. ఆ ఇంగ్లీషు నవలలోనూ రాజుల చరిత్రలు, వంశవృక్షాలు మూడో సంపుటం చివర అనుబంధాల్లోకి వెళ్లాయి. అవి తెమలకే ఆ సంపుటం ఆలస్యమై, 1954 నవంబరులో రెండోది చదివినవాళ్లు 1955 అక్టోబరు దాకా ఆగాల్సొచ్చింది. ఇష్టమున్నవాళ్లు వెతుక్కుని మరీ చదువుతారు.

ఇక "ఇది ఆ ఉంగరం కథే, ఉంగరం బదులు రాగిరేకు పెట్టింది, కాపీ" అని రాసినవాడు. శాపం ఉన్న తామ్రశాసనాన్ని మోసుకెళ్లి పాఖాల నడిమధ్య ముంచెయ్యాలి, అంతేగా నీ కథ. పోలిక ఉంది, లేదని వాదించకు. ఒక వస్తువును మోసుకెళ్లి నాశనం చెయ్యడం ఎవరి సొత్తూ కాదు. కానీ వాడికి ఆ అనుమానం మొదటి భాగం మొత్తం చదివాక, చివరి పేజీల దగ్గర వచ్చింది చూడు, దాని మీద ఆలోచించు. టోల్కీన్ కథలో ఆ చెడ్డ ఉంగరాన్ని మంటల్లో పారేయడానికి బయల్దేరిన ఫ్రోడో అంత దూరం నడిచి, అగ్నిపర్వతం అంచున నిలబడి, ఉంగరం వదలలేకపోతాడు. ఓడిపోతాడు. పని ఇంకోరకంగా జరుగుతుంది. దీనికి ఒక పాఠకుడు ఎంత మండిపడ్డాడంటే, ఫ్రోడోకు సన్మానం ఏమిటి, ద్రోహిగా ఉరి తీయాల్సింది అన్నంత కోపంగా రాశాడట, ఆ సంగతి టోల్కీనే చెప్పుకున్నాడు. అంత కోపం తెప్పించగలిగిన చోటే ఆ నవల ప్రాణం ఉంది. నీ పిల్ల ఏం చేసింది? పడవలో వెళ్లి రాగిరేకు నీళ్లలో విసిరేసి, కన్నీళ్లు తుడుచుకుని వెనక్కి వచ్చింది. ఆమెకు ఖర్చైందేమీ లేదు. ఆ రేకు వల్ల ఆమెకు ఏ లాభం ఉంది, ఎందుకు వదలబుద్ధి కాదు అన్నది నువ్వింకా రాయలేదు. అది రాసిన రోజు వాడు కాపీ అన్నా నీకేం తగలదు.

తాడ్వాయి అబ్బాయి రాసిన నాలుగు లైన్లు మాత్రం రుచి కింద వదిలెయ్యడానికి లేదు, తప్పు కింద ఒక్క మాట మార్చి దిద్దడానికీ లేదు. కరువులో కప్పం కట్టలేని అడవి జనం మీదికి రాజు సైన్యాన్ని పంపడం, ఒక్క అధ్యాయంలో వాళ్లంతా చచ్చిపోవడం, అది చూసి నీ కథానాయికకు కోపం రావడం. ఆ అబ్బాయి అడిగిందల్లా, వాళ్లలో ఒక్కరికైనా పేరు ఎందుకు లేదు అని. నువ్వు ఎక్కడి నుంచి తీసుకున్నావో అతనికి తెలుసు, నాకూ తెలుసు, మేడారం కథే. పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ, సంపెంగ వాగులో పడిన జంపన్న, చిలుకలగుట్ట. రెండేళ్లకోసారి మాఘంలో లక్షల మంది నిలువెత్తు బంగారమని బెల్లం మోసుకెళ్లేది ఆ ఓడినవాళ్ల దగ్గరికే, గెలిచిన సైన్యాన్ని నడిపినవాడి పేరు అక్కడ ఎవరికీ పట్టదు. అలాంటి కథను నీ పిల్లకు కోపం తెప్పించే సాధనంగా వాడుకున్నావని ఆ ఊరి కుర్రాడికి అనిపించింది. పేర్లు మార్చినంత మాత్రాన అది పోదు. జాతర రద్దీలో కాకుండా మామూలు నెలలో ఒకసారి మేడారం వెళ్లు, ఆ అబ్బాయి వస్తానంటే వెంట తీసుకెళ్లు, అక్కడివాళ్లు చెప్పేది విను. వచ్చాక ఆ అధ్యాయాన్ని అడవి వైపు నుంచి మళ్లీ రాయి. ఒకరికైనా పేరు పెట్టు, కోపం కాకుండా ఒక పరాచికం కూడా ఇవ్వు, వాళ్ల ఇళ్లల్లో నవ్వులు లేవా ఏం. దీనివల్ల రెండో భాగం ప్లాన్ మొత్తం మారిపోవచ్చు, మారనీ.

ఆడవాళ్లు ఎక్కువయ్యారని ఒకడు రాశాడు. ఆ ఇంగ్లీషు నవలలో ఆడవాళ్లు తక్కువని ఇప్పటికీ అంటూనే ఉన్నారు, కాబట్టి ఈ కాగితానికి జవాబు అక్కర్లేదు.

చివరగా, కాపీ అన్న కుర్రాడికి నువ్వు రాసిపెట్టుకున్న నాలుగు పేజీల జవాబు. నా అభిప్రాయం కోసం జిరాక్స్ పెట్టావు. మంచి వచనం, నవలలో కంటే ఇందులోనే నీ చెయ్యి తేలిగ్గా ఆడింది, పంపకు మరి. 1954లో ఒక పాఠకుడు పునర్జన్మల గురించి, సృష్టి గురించి పెద్ద పెద్ద ప్రశ్నలు వేస్తే టోల్కీన్ పేజీలకు పేజీలు జవాబు రాసి, నన్ను నేను మరీ గొప్పగా ఊహించుకుంటున్నట్టుంది అని దాని మీద గీకి, పోస్ట్ చెయ్యకుండా ఉంచేసుకున్నాడు. నీ నాలుగు పేజీల్లో రెండో పేరా, రాగిరేకు ఆ పిల్ల అమ్మమ్మ గొంతుతో మాట్లాడుతుందని రాశావు చూడు, అది నవలలో ఎక్కడా లేదు. దాన్ని అక్కడి నుంచి కోసి పడవ సీనులో పెట్టు.

ముందు వైశాఖం దిద్దు, వంశావళి చివరికి నెట్టు, తర్వాత మేడారం. దసరా లోపు కొత్త చివరి అధ్యాయం పంపితే చాలు, తొందరేం లేదు. ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నా కళ్లతో అయ్యే పని కాదు.

ఉంటాను,
కరీంనగర్ నుంచి మీ సార్