డ్రంకెన్ డ్రైవ్ కేసు: ఫైన్ కట్టేస్తే అయిపోయినట్టేనా?

ప్రశ్న: గాజువాకలో ఉంటాను, ట్రావెల్స్‌లో కారు నడుపుతాను. మొన్న రుషికొండలో ఫ్రెండ్ రిసెప్షన్‌కి వెళ్లి, రెండు పెగ్గులు వేసి నా బైక్ మీద వస్తుంటే బీచ్ రోడ్డులో ఆపారు. బ్రీత్ అనలైజర్‌లో 68 వచ్చింది. లైసెన్సు తీసుకుని రశీదు ఇచ్చారు, కోర్టుకు రమ్మన్నారు. ఇదే మొదటిసారి. ఫైన్ కట్టేస్తే సరిపోతుందా సార్? ఈలోగా రశీదు చూపించి కారు నడుపుకోవచ్చా?

జవాబు: నడపకండి. రశీదు ఉంటే చాలని డ్రైవర్లలో గట్టి నమ్మకం ఉంది, కవర్లో పెట్టి డాష్‌బోర్డులో భద్రంగా దాచుకుంటారు కూడా. కానీ లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రశీదుతో బండి నడిపే హక్కు ఉండదని మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ తేల్చి చెప్పింది.

ఇక ఫైన్ సంగతి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది హెల్మెట్ చలానాలా ఫోన్లో కట్టేసేది కాదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే. మొదటి కేసు సాధారణంగా జరిమానాతోనే పోతుంది. 2023లో మాత్రం మన కోర్టు ఇలా దొరికినవాళ్ల చేత ఆర్కే బీచ్‌లో చెత్త ఏరించింది.

కోర్టు వరండాలో "ఒప్పేసుకో, పదకొండుకల్లా ఇంటికెళ్లిపోతావు" అనేవాళ్లు దొరుకుతారు. ఒప్పుకునే ముందు ఒక్కటి చూడండి. టెస్ట్ ప్రింటవుట్‌లో పేరు, బండి నంబరు, టైము సరిగ్గా ఉన్నాయా? తేడా ఉంటే లాయర్‌కు చూపించండి. అన్నీ సరిగ్గా ఉంటే ఒప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. అయితే అది శిక్షగా రికార్డులోకి ఎక్కుతుంది. మళ్లీ దొరికితే పదిహేను వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ.

మీ అసలు టెన్షన్ లైసెన్సు గురించే ఉండాలి. అది కోర్టుతో తేలిపోయేది కాదు. పోలీసులు దాన్ని ఆర్టీవోకు పంపుతారు. అక్కడ 19వ సెక్షన్ కింద మీ మాట విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి. మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత వేయొచ్చు, కారణాలు నచ్చితే వదిలేయనూ వచ్చు. రెండోసారైతే లైసెన్సు రద్దు దాకా వెళ్తుంది.

మీకు పనికొచ్చే మెలిక ఇక్కడే ఉంది. ఆ అనర్హత లైసెన్సులోని అన్ని రకాల బళ్లకూ వేయొచ్చు, కొన్నింటికే పరిమితం చేయనూ వచ్చు. మీరు దొరికింది బైక్ మీద, బతుకుతెరువేమో కారు. కాబట్టి నోటీసు రాగానే టూవీలర్ వరకే పరిమితం చేయమని రాతపూర్వకంగా అడగండి. ట్రావెల్స్ ఓనరు దగ్గర ఉద్యోగం ఉన్నట్టు ఉత్తరం తీసుకుని జతచేయండి. ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, అడక్కపోతే మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు. ఉత్తర్వు మీకు అన్యాయంగా తోస్తే అందిన 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు.

గడువు ముగిశాక రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేస్తేనే లైసెన్సు తిరిగిస్తారు. ఆ మధ్యలో స్టీరింగ్ పడితే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా తప్పుకోవాలని చూస్తుంది. కాబట్టి ఓనరు దగ్గర దాచకుండా ఇవాళే చెప్పేయండి, ఆ కారు ఆయనది.