అక్కా, ఫస్ట్ స్కూటర్ ఏది కొనాలి?

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లి. ఎనిమిది నెలల నుంచి బెంగళూరులో బీటీఎం సెకండ్ స్టేజ్‌లో పీజీలో ఉంటున్నా. ఆఫీసేమో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, పోను ఐదు కిలోమీటర్లు రాను ఐదు కిలోమీటర్లు అంతే. కానీ పొద్దున్నే ఆటోలతో బేరాలు, యాప్‌లో బుక్ చేస్తే క్యాన్సిల్ చేయడాలు, సిల్క్‌బోర్డ్ దగ్గర నిలబడిపోవడాలు, వీటితో విసుగొచ్చేసి స్కూటర్ కొందామని డిసైడయ్యా. సైకిల్ తొక్కుతాను గానీ బండి నడపడం ఇంకా రాదు. నా హైటు ఐదడుగులే. పీజీలో ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్ తీసుకోమంటున్నారు, ఆఫీసులో టీమ్‌మేట్ 125 సీసీకి తక్కువ తీసుకోవద్దు అంటున్నాడు, మా నాయనేమో ఊర్లో ఉన్న పాత స్కూటరే రైల్లో పంపిస్తాలే కొత్తది ఎందుకూ అంటున్నాడు. మైలేజీ ఎక్కువ ఇచ్చేది ఏదో చెప్పండక్కా, అదే తీసుకుంటా.

జవాబు: ముందు ఆ మైలేజీ సంగతి తేల్చేద్దాం చెల్లీ, ఎందుకంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం దీంతోనే మొదలవుతాయి, కానీ నీలాంటి వాళ్ళకి అది చివర చూడాల్సిన విషయం. రోజుకి పది కిలోమీటర్లు, నెలకి ఇరవై రెండు రోజులు, ఆదివారాలు మడివాల మార్కెట్టూ ఫ్రెండ్స్ ఇళ్ళూ కలుపుకుని ఓ 300 కిలోమీటర్లు వేసుకో. ఊరి ట్రాఫిక్‌లో లీటరుకి 45 ఇచ్చే బండికి ఆరున్నర లీటర్లు దాటుతుంది, 50 ఇచ్చే బండికి ఆరు లీటర్లు పడుతుంది. లీటరు 103 రూపాయలు లెక్కేసుకున్నా తేడా నెలకి 70 రూపాయలు. ఆ డెబ్బై రూపాయల కోసం నీ కాళ్ళు నేలకి ఆనని బండి కొంటే రోజూ భయపడుతూ నడపాలి.

నీ విషయంలో అసలు చూడాల్సింది కాళ్ళు. నేను ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో మా బావగారు చెప్పారని, షోరూం వాళ్ళు కూడా మేడమ్ ఇదైతే పికప్ బాగుంటుంది అన్నారని బరువైన బండి కొన్నా, సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే తగిలేవి. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నుంచి పైకొచ్చే ర్యాంప్ ఉంటుంది కదా, దాని మధ్యలో ఒక రోజు ఎదురుగా కారొచ్చి ఆగింది, నేనూ ఆగాను, ఎడమ కాలు పెడదామంటే ఏటవాలుకి నేల ఇంకా కిందుంది, బండి అలా నెమ్మదిగా ఎడమ వైపు వాలిపోయింది. వంద కిలోలు ఒకసారి పక్కకి వాలడం మొదలెట్టాక ఎవరూ ఆపలేరు. పాదం వాచి పది రోజులు ఇంట్లో కూర్చున్నా, ఎనిమిది నెలలకే ఆ బండి నష్టానికి అమ్మేశా. పడ్డ నొప్పి తగ్గిపోయింది గానీ ఆ ర్యాంప్ ఎక్కేటప్పుడు గుండె దడ మాత్రం చాలా రోజులు పోలేదు.

అందుకే షోరూంకి వెళ్ళినప్పుడు ముందు సీటు మీద కూర్చో, రోజూ ఆఫీసుకి వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్ళు, హీల్స్ వేసుకుని వెళ్ళి కాళ్ళు ఆనాయి అనుకుంటే లాభం లేదు. రెండు పాదాలూ ఒకేసారి మడమ దాకా కాకపోయినా ముప్పావు వంతు ఆనాలి. సీటు మీద కూర్చునే ఉండి బండిని కాళ్ళతో వెనక్కి ఓ పదడుగులు తోసి చూడు. పీజీల ముందు పార్కింగ్ ఎట్లుంటుందో నీకు తెలుసు, నీ బండి బయటికి తీయాలంటే ముందు నాలుగు బండ్లు జరపాలి, ఒక్కోసారి నీ బండిని ఇంకెవరో జరిపి పోతారు. ఆ గుంపులో వెనక్కి లాగగలవా లేదా అన్నది టెస్ట్ రైడ్‌లో వాళ్ళు చూపించరు, నువ్వే అడిగి చూడాలి.

తర్వాత సెంటర్ స్టాండ్. అమ్మాయిలకి సెంటర్ స్టాండ్ వేయడం రాదు అని షోరూంలో నవ్వుతుంటారు, నాకు చాలా కోపమొస్తుంది. అది బలం పని కాదు, చెప్పేవాళ్ళు లేకపోవడం. బండికి ఎడమ పక్కన నిలబడి ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో వెనక సీటు దగ్గరుండే కడ్డీ (గ్రాబ్ రైల్) పట్టుకో. కుడికాలితో స్టాండ్‌ని కిందికి నొక్కి బండిని నిటారుగా తే, స్టాండ్ కాళ్ళు రెండూ ఒకేసారి టక్కుమని నేలకి తగిలినట్టు కాలికి తెలుస్తుంది, అప్పుడు చేతులతో లాగకుండా నీ ఒంటి బరువంతా ఆ కుడికాలి మీద వేసేయ్. బండి దానంతటదే వెనక్కెక్కి నిలబడుతుంది. ఒక కాలే తగిలి ఉండగా నొక్కితే మాత్రం ఎంత బలమున్నవాళ్ళకీ ఎక్కదు. షోరూంలోనే నాలుగుసార్లు చేసి చూడు, సిగ్గుపడకు.

ఇక ఏ బండ్లు అంటే. నీ హైటుకి టీవీఎస్ జెస్ట్ సీటు 760 మిల్లీమీటర్ల ఎత్తు, బరువు 103 కిలోలు, ముందు దాని మీద కూర్చుని చూడు. యాక్టివా 110 సీటు దాదాపు 765, బరువు 105, 106 దగ్గర ఉంటుంది. యమహా ఫాసినో 125 బరువు 99 కిలోలే, తోయడానికి చాలా హాయి, కానీ సీటు 780, నీకు కాస్త ఎత్తనిపించొచ్చు. సుజుకి యాక్సెస్ 125 సీటు 773. అయితే ఈ నంబర్లు చూసి ఫోన్లోనే డిసైడ్ చేసేయకు, సీటు వెడల్పుగా ఉంటే కాళ్ళు ఎడంగా పోయి 765 సీటు కూడా ఎత్తుగా అనిపిస్తుంది, సన్నగా ఉంటే 775 కూడా అందుతుంది. మీ టీమ్‌మేట్ చెప్పిన 125 తప్పేం కాదు, వెనక రోజూ మనిషి ఉంటే, ఫ్లైఓవర్లు ఎక్కుతుంటే తేడా తెలుస్తుంది, నీ ఐదు కిలోమీటర్లకి 110 చాలు. చక్రాలు మాత్రం గమనించు. టీవీఎస్ జూపిటర్ స్కూటర్‌కి ముందూ వెనకా 12 అంగుళాలు, యాక్టివాకి ముందు 12 వెనక 10. వానాకాలం తర్వాత మన రోడ్ల మీద గుంతలు చూశావు కదా, చిన్న చక్రం దిగినంత లోతుకి పెద్ద చక్రం దిగదు, నడుముకి తెలుస్తుంది ఆ తేడా.

ఎలక్ట్రిక్ గురించి. బండి మంచిదా కాదా అనేకంటే ముందు మీ పీజీ ఓనర్‌ని ఒక ప్రశ్న అడుగు, కింద పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఇస్తారా, కరెంటు ఎట్లా లెక్కేస్తారు అని. ఇస్తామంటే బండి మోడల్ బట్టి 15 ఆంప్స్ సాకెట్ కావాలేమో కూడా కనుక్కో. ఆయన ఒప్పుకుంటే ఎలక్ట్రిక్ చాలా సుఖం, నెలకి 300 కిలోమీటర్లకి పది యూనిట్లు అటూ ఇటూగా పడుతుంది, పెట్రోల్ మీద ఐదారొందలు మిగులుతాయి. అయితే ఆన్‌రోడ్ ధరలో 30,000 ఎక్కువ పెట్టావనుకో, నెలకి 600 చొప్పున అది రాబట్టుకోడానికే నాలుగేళ్ళు దాటుతుంది, నువ్వు అప్పటికి ఈ పీజీలో ఉంటావో లేదో. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ అబ్బాయికి కుదిరిన లెక్క నీకు కుదరదు. హీరో విడాలో లాగా బ్యాటరీ విప్పి రూముకి తీసుకెళ్ళే రకం ఉంది, మీ రూము మూడో అంతస్తు అయితే మాత్రం కొనే ముందు ఆ బ్యాటరీ చేత్తో పట్టుకుని మెట్లెక్కి చూడు. బరువు విషయం కూడా మర్చిపోకు, ఏథర్ రిజ్టా అనే ఎలక్ట్రిక్ స్కూటర్ 119 కిలోలు. ఇంకోటి, లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదని 25 కిలోమీటర్ల స్పీడు దాటని చిన్న ఎలక్ట్రిక్ బండ్లు అమ్ముతుంటారు, ఔటర్ రింగ్‌రోడ్డు మీద బస్సుల మధ్య ఆ స్పీడుతో పోవడం నాకైతే అస్సలు ఇష్టం లేదు, వద్దు.

నాన్నగారి పాత బండి మాట కొట్టిపారేయకు. నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు, మొదటి రెండు నెలలు గీతలు పడతాయి, అద్దం విరుగుతుంది, అవి పాత బండి మీద పడటమే మేలు. కానీ వేరే రాష్ట్రం నంబరు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి, అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, అదేం తక్కువ కాదు. కాబట్టి ఆర్నెల్లు వాడి మళ్ళీ ఊరికి పంపించేసి, చేయి కుదిరాక కొత్తది కొనుక్కో. ఆర్సీ పేపరూ ఇన్సూరెన్సూ కరెక్ట్‌గా ఉన్నాయా, బ్రేకులూ టైర్లూ ఎట్లున్నాయి, ఇవి మదనపల్లిలోనే చూపించి పంపమను.

బండి కంటే ముందు లెర్నర్స్ లైసెన్స్ తీసుకో. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులయ్యాక అసలు లైసెన్స్ టెస్టుకి వెళ్ళొచ్చు. గేర్ లేని బండి అని తీసుకుంటే స్కూటర్లు మాత్రమే నడపాలి, ఊరెళ్ళినప్పుడు తమ్ముడి బైక్ ముట్టుకోకూడదు.

డబ్బు దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరలు చెప్పే ఫ్రెండ్స్ మాట నమ్మకు, కొత్త కొటేషన్ తీసుకో. కాగితం మీద ఒక్కొక్కటీ విడివిడిగా రాయించు, బండి ధర, టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, మిగతావి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్ళకి ఒకేసారి కట్టాలి, అది రూలే. హ్యాండ్లింగ్ ఛార్జీలు, తప్పనిసరి యాక్సెసరీలు అని రాస్తే ఇవి ఎందుకు అని అడుగు, నా దగ్గర ఒక షోరూంలో సీటు కవరూ మ్యాటూ క్రాష్ గార్డూ అన్నీ కలిపి వసూలు చేశారు, అడగలేదు కాబట్టే ఇచ్చాను. ఆ డబ్బుతో రెండు మంచి ఐఎస్ఐ హెల్మెట్లు వస్తాయి. రెండెందుకంటే బెంగళూరులో వెనక కూర్చునేవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి, మీ రూమ్మేట్ లిఫ్ట్ అడగకుండా ఉండదు.

ప్రశ్న: నమస్తే అమ్మా. రిటైరై రామ్మూర్తినగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మూడున్నరేళ్ళ మనవణ్ణి రెండు కిలోమీటర్ల దూరంలో ప్లేస్కూల్లో దింపాలి. ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళొచ్చా?

జవాబు: వద్దు బాబాయ్ గారూ, చేతులు జోడించి అడుగుతున్నా. అందరూ చేస్తున్నారని మనకీ అలవాటైపోయింది గానీ సడన్‌గా బ్రేక్ వేస్తే పిల్లాడి మొహం నేరుగా హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, వాడు యాక్సిలరేటర్ పట్టుకుని తిప్పినా ప్రమాదమే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్టూ, నడిపేవాళ్ళ ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టూ ఉండాలని, స్పీడు 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి రూలుంది. బెల్టు కట్టి వెనక కూర్చోబెట్టుకోండి, వాడి తలకి సరిపోయే చిన్న సైజు హెల్మెట్ వాణ్ణి తీసుకెళ్ళి పెట్టి చూసే కొనండి, పెద్దయ్యాక సరిపోతుందిలే అని వదులుగా తీసుకోవద్దు. బండి మీ దగ్గర ఉన్నదే చాలు, కొత్తది అక్కర్లేదు.

ప్రశ్న: సంక్రాంతికి ఊరెళ్ళి పదిహేను రోజుల తర్వాత వస్తే నా కొత్త స్కూటర్ స్టార్ట్ అవ్వట్లేదు. షార్ట్ ట్రిప్పులే తిరుగుతాను, బండి డిఫెక్టా?

జవాబు: చాలావరకు బ్యాటరీ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) బండ్లన్నిట్లో దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే పెట్రోల్‌ని ఇంజన్‌కి పంపే చిన్న పంపు బండిలోనే ఉంటుంది, అది తిరగడానికి కూడా బ్యాటరీలో కరెంటుండాలి, అందుకే బ్యాటరీ పూర్తిగా పోతే కిక్ ఉన్నా కొట్టీ కొట్టీ కాలు నొప్పే. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే స్టార్ట్ చేసినప్పుడు వాడిన ఛార్జ్ మళ్ళీ నిండే టైముండదు. దగ్గర్లో బ్యాటరీ షాపులో ఛార్జ్ పెట్టించండి, నిలవకపోతే వారంటీలో అడగండి. వారానికోసారి అరగంట ఆపకుండా ఎక్కడికైనా తిప్పి రండి, ఈసారి ఊరెళ్ళేటప్పుడు తాళం ఇక్కడుండే ఎవరికైనా ఇచ్చి మూడు నాలుగు రోజులకోసారి ఓ పావుగంట తిప్పమనండి.