పిచ్చాళ్ళ డాక్టరు చదువు కాదమ్మా ఇది

"ఇంట్లో పిచ్చాళ్ళ డాక్టరు చదువా అంటున్నారన్నా, అమెరికాలో డిగ్రీకి కాగ్నిటివ్ సైకాలజీ తీసుకోవచ్చా?" అని ఒంగోలు నుంచి ఒక చెల్లి అడిగింది.

తీసుకోమ్మా, కానీ అక్కడేముంటుందో తెలిసి తీసుకో. మాది కావలి, ఎదుటోళ్ళ మనసులో ఏముందో పట్టేయొచ్చనుకుని చేరినవాణ్ణే నేనూ. క్లాసులో ఎవరి బాధా వినలేదు. జ్ఞాపకం, చూపు, భాష, ఏకాగ్రత, వీటిని మిల్లీసెకన్లలో కొలవడమే పని. కౌన్సెలింగ్ చేయాలంటే దీని మీద పై చదువూ లైసెన్సూ కావాలి.

మొదటి ల్యాబ్‌లో స్ట్రూప్ టెస్టు చేయించారు, 1935 నాటిది. 'ఎరుపు' అనే మాట నీలం రంగులో ఉంటుంది, మాట చదవకుండా రంగు చెప్పాలి, నోరు తడబడుతుంది. ఇదే తెలుగులో చేద్దామని ఉత్సాహంగా కార్డులు రాసుకుంటూ 'పచ్చ' దగ్గర ఆగిపోయా. మా నాయనమ్మకి కరివేపాకూ పచ్చే, పసుపు కొమ్మూ పచ్చే! ఇంక ఏది తప్పు కింద రాయాలి? ఆ మాట తీసేసి నలుపు పెట్టా. రీసెర్చ్ మెథడ్స్ అనే పేపరంతా ఇలాంటి తలనొప్పులే, నాకు మాత్రం అదే నచ్చింది.

స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదే కానిచ్చేయ్. బైపీసీ అని భయపడకు.

మొదటి మిడ్‌టర్మ్‌కి ఇంటర్ హాస్టల్ అలవాటుతో పుస్తకం నాలుగుసార్లు తిరగేశా, సగం మార్కులు కూడా రాలేదు. తీరా చూస్తే మందు సిలబస్‌లోనే ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాలకు పెట్టిన పరీక్ష బాగా రాశారు, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్ళు వారం తర్వాత పెట్టింది బాగా రాశారు. మనం బట్టీ కొట్టి పొద్దున్నే రాసొచ్చే బాపతు కదా, వారం సంగతి ఎవడు చూశాడు!

అసలైంది మర్చిపోయా. ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితంలో, సీఐపీ కోడ్ చూసుకో, కోర్సుకి అమెరికా ప్రభుత్వం పెట్టిన నంబరు అది. కాగ్నిటివ్ సైకాలజీ కోడ్ 42.2701 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంది, 12 నెలల ఓపీటీ, అంటే చదివినదానికి తగ్గ ఉద్యోగం అక్కడే చేసుకునే అనుమతి, అయ్యాక ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఉత్త సైకాలజీ 42.0101కి ఆ వీలు లేదు. క్లాసులు దాదాపు అవే అయినా కాగితం మీద కోడ్ వేరైతే రెండేళ్ళు పోయినట్టే, అందుకే సీటు ఒప్పుకోకముందే కాలేజీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకో.

ఇక మీ నాన్నకి ఏం చెప్పాలంటావా, యాప్‌లో ఏ బటన్ ఎక్కడుంటే జనం తికమకపడరో తేల్చే ఉద్యోగాలకు ఈ చదువోళ్ళను తీసుకుంటారని చెప్పు. ఆయన ఫోన్‌పేలో డబ్బులు పంపడానికి తిప్పలు పడేటప్పుడు చెప్పావంటే ఇట్టే ఒప్పుకుంటాడు.