వాళ్ళని గట్టు మీంచి లేపు

తమ్ముడూ,

నీ కథ అందింది. ఇద్దరు స్నేహితులు ఏటిగట్టు మీద కూర్చుని తలరాత గురించీ, మనిషి చేతిలో ఏముందన్న దాని గురించీ నాలుగు పేజీలు మాట్లాడుకున్నారు. మాటలు బాగున్నాయి, అబద్ధం చెప్పను. అయినా రెండో పేజీ సగానికి వచ్చేసరికి ఇంకెంత ఉందా అని పేజీలు తిప్పి చూసుకున్నాను. చర్చ ఎక్కువైందని సంపాదకుడు తిప్పి పంపాడంటే ఆయన్ని తప్పుపట్టలేను. అలాగని చర్చ తీసెయ్యమని నేననను. వాళ్ళిద్దర్నీ గట్టు మీంచి లేపమంటాను.

కాల్విన్ అండ్ హాబ్స్ ఎక్కడైనా దొరికితే తెచ్చుకో. పిల్లల బొమ్మలని తీసిపారెయ్యకు. బిల్ వాటర్‌సన్ 1985 నవంబరు నుంచి 1995 డిసెంబరు 31 దాకా అమెరికా పత్రికల్లో గీసిన కామిక్ స్ట్రిప్ అది, అంటే వరస గళ్ళలో బొమ్మలూ మాటలూ కలిపి చెప్పే చిన్న కథ. కాల్విన్ ఆరేళ్ళ పిల్లాడు. హాబ్స్ వాడి పులి. మిగతా లోకానికది గుడ్డబొమ్మ, వాడికి మాత్రం నడిచే, మాట్లాడే, మీదపడి కరిచే పులి. వాడికో ఎర్ర బండి ఉంది. నాలుగు చక్రాలు, ముందొక పిడి, అంతే. ఆ పిడిని వెనక్కి మడిచి పట్టుకుంటే అదే స్టీరింగు. బ్రేకులు లేవు. మన వీధుల్లో పిల్లలు చెక్కకి పాత బేరింగులు బిగించి తోలే బండికి దొరబాబు అన్న అనుకో.

కాల్విన్‌కి జీవితం మీద ఉపన్యాసం ఇవ్వాలనిపించినప్పుడు తరచూ ఈ బండే ఎక్కుతాడు. వాడు ముందు, పులి వెనక. కొండ మీంచి అడవిలోకి వదిలేస్తారు. చలికాలమైతే బండి బదులు మంచు మీద జారే చక్రాల్లేని బండి, స్లెడ్. వాడు విధి గురించో మనిషి స్వార్థం గురించో చెబుతుంటే కింద బండి రాళ్ళ మీద ఎగురుతుంది, చెట్లని రాసుకుంటూ పోతుంది, లోయల మీదుగా దూకుతుంది. ఇది సాదా ఉపాయమేనని వాటర్‌సన్ పదేళ్ళ సంకలనంలో తనే చెప్పుకున్నాడు. కాల్విన్ వాగుడు ఎక్కువయ్యే చోట బండి ఎక్కిస్తాడట. ఊరికే మాట్లాడే తలకాయలు గియ్యడం కన్నా అదే సరదాగా ఉంటుందట. ఆ సరదా పాఠకుడికి కూడా అంటుకుంటుంది. నీ నాలుగు పేజీల్లో నాకు దొరకనిది అదే.

ఆ బండి స్ట్రిప్‌లలో ఒకటి నాకు చాలా ఇష్టం. తెలియకపోవడమే సుఖం అని కాల్విన్ మొదలుపెడతాడు. విషయాలు తెలిస్తే సమస్యలు కనబడతాయి, కనబడితే బాగుచెయ్యాలనిపిస్తుంది, బాగుచెయ్యాలంటే మనం మారాలి, మారడంలో మజా లేదు. కాబట్టి పనిగట్టుకుని మొద్దుగా ఉండిపోవడమే మేలు. వాదన ఎంత చక్కగా పేర్చాడో చూడు, ఒక్క ఇటుక కదలదు. ఆ చెబుతున్నంతసేపూ బండి పల్లంలోకి దూసుకుపోతుంటుంది. ముందు కొండ అంచు ఉందని వెనక నుంచి పులి అరుస్తుంది. నాకు తెలియనక్కర్లేదంటాడు వీడు. ఆ తర్వాత గాల్లో.

ఇక్కడ పనితనం చూడు. మాట్లాడేవాడికి దారి కనబడదు, వాడి ధ్యాసంతా మాట మీదే. వెనక కూర్చున్నవాడికి కనబడుతుంది, కానీ పిడి వాడి చేతిలో లేదు. మనకి అంతా కనబడుతుంది, చెయ్యగలిగింది ఏమీ లేదు. ముగ్గురి దగ్గరా తలా ఇంత తెలివి ఉంది, ఎవరిదీ ఎవరికీ అక్కరకు రాదు. నవ్వూ భయమూ అక్కడే పుడుతున్నాయి. కాల్విన్ వాదనకి వాటర్‌సన్ ఎదురువాదన రాయడు. ఆ పని కొండ చూసుకుంటుంది. నీ కథలో రెండోవాడు మాటకి మాట అప్పజెబుతున్నాడు చూశావా, కోర్టులో వకీలులా? వాడికి అంత వాగ్ధాటి అక్కర్లేదు. "ఒరేయ్, ముందు చూడు" అంటే చాలు.

ఇంకొకటి. ఆ పిల్లాడి పేరు 16వ శతాబ్దపు మతాచార్యుడు జాన్ కాల్విన్‌ది. ఎవరు తరిస్తారో ఎవరు తరించరో దేవుడు ముందే రాసిపెట్టాడని బోధించినాయన. పులి పేరు 17వ శతాబ్దపు తత్వవేత్త థామస్ హాబ్స్‌ది. మనిషి స్వభావం మీద ఆయనకి పెద్ద గౌరవమేమీ లేదు. వాటర్‌సన్ కెన్యన్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చదువుకున్నాడులే. తలరాత పంతులు పేరు పెట్టుకున్న పిల్లాడు బ్రేకుల్లేని బండిలో లోయలోకి పోతున్నాడు! ఇంత చమత్కారం చేతిలో పెట్టుకుని స్ట్రిప్‌లో ఎక్కడా దాని కింద గీత గియ్యలేదు. నీకైతే చెయ్యి ఊరుకునేది కాదు, నాకు తెలుసు.

బొమ్మల్లో ఆ బండికి అంత దూకుడు ఊరికే వచ్చిందనుకోకు. ఆదివారం స్ట్రిప్‌ని పత్రికలు తమ వీలుకొద్దీ కత్తిరించి, గళ్ళు అటూ ఇటూ మార్చి వేసుకునేవి. పై వరస మొత్తం ఎగరగొట్టినా కథ నిలబడేలా గియ్యాల్సి వచ్చేది. 1991 మే నుంచి 1992 ఫిబ్రవరి దాకా సెలవు తీసుకుని, తిరిగొచ్చాక వాటర్‌సన్ ఎవరూ ముక్కలు చెయ్యడానికి వీల్లేని అరపేజీ సాధించుకున్నాడు. బండి గాల్లోకి లేవాలంటే కాగితం మీద అంత చోటు కావాలి మరి. నీకు సంపాదకుడు ఆ చోటు ఇవ్వడు, నువ్వే వాక్యాల్లో చేసుకోవాలి. కామిక్స్‌లో మాట పైన, బొమ్మ కింద, రెండూ ఒకేసారి కంట్లో పడతాయి. మనకి ఒక మాట తర్వాతే ఇంకో మాట. అందుకని సంభాషణ మధ్యలో దారిని తోసెయ్యాలి. వాడి వాక్యం సగంలో ఉండగా గొయ్యి రావాలి. గొయ్యి దాటాక వాడు ఆ సగం దగ్గర్నుంచే అందుకోవాలి, ఏమీ జరగనట్టు. ఒక మాట, ఒక గొయ్యి, మళ్ళీ ఒక మాట, మళ్ళీ ఒక గొయ్యి అని లెక్క వేసుకుని రాశావో, దొరికిపోతావు.

ఎర్ర బండిని మాత్రం నీ కథలోకి లాక్కురాకు. వాటర్‌సన్ పెరిగింది ఒహాయోలోని షగ్రిన్ ఫాల్స్‌లో. వాళ్ళింటి పెరడు దాటితే అడవే. నీకు ఏరు ఉంది, ఏటి మీద వంతెన ఉందని నువ్వే రాశావు. వంతెన దిగితే పల్లమే కదా? ఒక్క సైకిలు ఇయ్యి ఇద్దరికీ. తలరాత గురించి మాట్లాడేవాడు తొక్కాలి, రెండోవాడు వెనక క్యారియర్ మీద కూర్చోవాలి. బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని మొదటి పేరాలో ఎక్కడో ఓ మూల అనేసి ఊరుకో. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుందో, గేదెలు అడ్డం పడతాయో నీ ఇష్టం, మీ ఊరి రోడ్డు నాకన్నా నీకే తెలుసు.

ఇక నీ చివరి పేరా. అందులో మీవాడు మారిపోయాడు. కొట్టెయ్. ఇందాకటి స్ట్రిప్‌లో కిందపడ్డాక కూడా కాల్విన్ దీన్నుంచి మనమేమీ నేర్చుకోకూడదు సుమా అని పులిని హెచ్చరిస్తాడు. మళ్ళీ వారానికో నెలకో అదే కొండ, అదే బండి, కొత్త సిద్ధాంతం. వాడు నేర్చుకుని ఉంటే పదేళ్ళు ఎవరు చదువుతారు? మీవాణ్ణి కూడా మోకాలు చీరుకుపోయి, బురదలో కూర్చుని, అదే మాట ఇంకా గట్టిగా అననియ్యి.

తిరగరాసి పంపు, చూస్తాను. అన్నట్టు, ఇద్దరిలో ఒకడి పేరు మార్చు. సురేషూ సురేంద్రా అని పెడితే ఎవరు తొక్కుతున్నారో ఎవరు వెనక కూర్చున్నారో నాకే తికమక అవుతోంది.

ఇట్లు,
మీ అన్నయ్య