ఇంట్లో వైఫై ఉన్నాక ఫోన్‌కి రీఛార్జ్ ఎందుకు?

"ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించాం, ఇక అమ్మానాన్నల ఫోన్లకి రీఛార్జ్ దండగే కదా" అని ఒకరు అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. టవర్ ఊరికి దూరం, ఇల్లేమో మందపాటి గోడల స్లాబ్ ఇల్లు. సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గర మాత్రమే రెండు పాయింట్లు వచ్చేది. అమ్మ ఫోన్‌ని ఆ కిటికీ గట్టు మీదే, పోపుల డబ్బాకి ఆనించి పెట్టేది. నేను ఫోన్ చేస్తే అక్కడే నిలబడి మాట్లాడాలి. అటూ ఇటూ కదిలితే చాలు, "వినపడట్లేదురా" అనేది.

ఫైబర్ వచ్చాక సిమ్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేశాను. మన దగ్గర ఎయిర్‌టెల్ దీన్ని 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో తెచ్చాయి. ఇది వాట్సాప్ కాల్ లాంటిది కాదు. మామూలు నంబర్‌కి చేసే మామూలు కాలే, కాకపోతే టవర్‌కి బదులు రౌటర్ మీదుగా వెళ్తుంది. అవతలివాళ్లకి నెట్ లేకపోయినా పర్వాలేదు. ఇప్పుడు అమ్మ మంచం మీద కూర్చుని మాట్లాడుతోంది. ఛార్జింగ్ కూడా ఎక్కువసేపు ఆగుతోంది. సిగ్నల్ సరిగ్గా అందనప్పుడు టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్ వాడుతుంది మరి.

రౌటర్ ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. మాకు మొదట బీరువా వెనక బిగించి పోయారు. ఇనుము అడ్డం కదా, పక్క గదిలోకే సరిగ్గా వచ్చేది కాదు. హాల్లో ఎత్తుగా పెట్టించాక బాగుపడింది. రౌటర్‌లో రెండు రకాల వైఫై సిగ్నల్స్ ఉంటే, పెద్దవాళ్ల ఫోన్లని 2.4 గిగాహెర్ట్జ్‌ దానికే కలపండి. 5 గిగాహెర్ట్జ్‌లో స్పీడ్ ఎక్కువే కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది.

ఇక అసలు సంగతి. పోయిన వేసవిలో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది. దాంతో రౌటర్ ఆగిపోయింది. నేను హైదరాబాద్ నుంచి ఎన్నిసార్లు చేసినా "అందుబాటులో లేరు" అనే వచ్చింది. నాన్నకి బీపీ. ఆ గంటన్నర నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి పక్కింటి బాబాయ్ వెళ్లి ఇద్దరినీ అరుగు మీదకి తీసుకొచ్చి మాట్లాడించాడు. అక్కడ టవర్ సిగ్నల్ ఉంది. టవర్లకి బ్యాటరీలు ఉంటాయి కాబట్టి కరెంటు పోయినా కొంతసేపు పనిచేస్తాయి. మర్నాడే రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్‌ని నడిపే బ్యాటరీ) ఆర్డర్ పెట్టాను.

గేటు దాటాక వైఫై ఎలాగూ అందదు. పొలం దగ్గరైనా, బస్సులోనైనా 108కి చేయాలంటే సిమ్ సిగ్నలే దిక్కు.

రీఛార్జ్ సంగతి తేల్చుకునే ముందు ఒకసారి వైఫై ఆపేసి మంచం దగ్గర, వంటింట్లో, అరుగు మీద ఒక్కో కాల్ చేసి చూడండి. ఎక్కడా సరిగ్గా కలవకపోతే ప్లాన్ తీసేయడం కాదు, మీ ఊళ్లో బాగా అందే కంపెనీకి ఆ సిమ్ మార్పించండి.